పదిహేడో గొలుసు

జూన్ 4, సోమవారం. పోటు ఉదయం 10.20

ఒకటి నుంచి పదహారు దాకా గొలుసులకు గ్రీజు పూశాను. పదిహేడో గొలుసు, పైనుంచి మూడో లంకె, అలలు ఒరుసుకునే చోట మందం 9 మిల్లీమీటర్లు. కొత్తలో 22 ఉండేది. మార్చడానికి ఇనుము లేదు.

ఇది గొలుసుల పుస్తకం. గ్రీజు, తుప్పు, మిల్లీమీటర్లు తప్ప ఇందులో ఇంకేదీ రాయకూడదని, ముప్పై ఒక్క ఏళ్ళ కింద పంట్లు కలిపి కట్టిన రోజునే పెద్దలు తీర్మానించారు. పన్నెండేళ్ళుగా నేను ఆ మాట దాటలేదు. ఈరోజు దాటుతున్నాను. నేను అబద్ధం రాయకుండా మిగిలిన పుస్తకం ఇదొక్కటే కనుక.

నా పేరు గంటా సీలయ్య. ఆరు రోజులు లంగరు కాపరిని, ఏడో రోజు వాక్యం చెప్పేవాణ్ణి. వేదాంత కళాశాల గడప తొక్కినవాణ్ణి కాను. మునిగిన బడిలోంచి తెచ్చిన లేఖనాల పుస్తకం ఒకటి, ఉప్పునీటికి ఉబ్బి రొట్టెలా అయిపోయింది. దాన్ని ఎండబెట్టి, పేజీ పేజీ విడదీసుకుంటూ చదువు నేర్చుకున్నాను. నా పేరున్న మనిషి ఒకడు చెరసాలలో పాటలు పాడితే గొలుసులు వాటంతటవే ఊడాయని అందులో ఉంది. నేనేమో గొలుసులు ఊడకుండా గ్రీజు పూసే సీలయ్యని. ఈ మాట చెప్పి ఏడాదికోసారి సంఘాన్ని నవ్విస్తూ ఉంటాను.

నిన్న నవ్వించలేదు.

మా ఊరంటే పాత పంట్లు నలభై మూడు. ఒకప్పుడు రేవు దాటించిన బల్లపరుపు పడవలు. పక్కపక్కన బోల్టులతో బిగించి, కింద మునిగిన పట్నానికి గొలుసులతో కట్టాం. ఒకటో గొలుసు నీళ్ళ ట్యాంకు కాళ్ళకు, తొమ్మిదోది బస్టాండు కప్పుకు, పదిహేడోది సినిమా హాలు స్తంభానికి. సముద్రం వైపు కొస ఆ పదిహేడో దాని మీదే ఆగి ఉంది. అది తెగితే తక్కినవి వరసగా తెగుతాయి. పంట్ల మీద ఆరువందల పన్నెండు మందిమి.

ఎగువన ఆనకట్ట లాకు వాళ్ళు పోయిన వారం వైర్‌లెస్‌లో కబురు పెట్టారు. ఈ ఏడు సముద్రం పోకడ బాగాలేదట. పైకి వచ్చేస్తే ఆనకట్ట వెనక నిలవ నీట్లో చోటిస్తారట. ఈ నెల 25 దాటితే లాకు మూసేస్తారు, మళ్ళీ తెరిచేది వరదలు తీశాకే.

పైకి వెళ్ళాలా? సంఘపెద్ద ఓబదయ్య నిన్న ఆరాధనలో ఆ ప్రశ్న చదివాడు. మా దగ్గర పెద్ద సంగతులు తేలేది అలాగే. ప్రశ్న చదువుతారు. అందరూ మోకరిస్తారు. నా వెనక తెర, తెర వెనక ఊపిరి పెట్టె. పెట్టె ఊపిరి తీస్తే అవును. తీయకపోతే కాదు.

నిన్న పోటు 9.30కి. పెట్టె నిండా గాలి ఉంది. నా ఎడమ కాలి కింద తాడు ఉంది. నేను కాలు కదపలేదు.

ఉండిపోతున్నాం.

జూన్ 5, మంగళవారం. పోటు 11.10

మంచినీళ్ళ కోసం వాన పట్టే గుడ్డ తెరలు విప్పి ఉప్పు దులిపాం. పదిహేడో గొలుసు నిన్నటిలాగే ఉంది.

కెజియా వచ్చింది. చింతా కెజియా పంట్ల అడుగులకు తారు పూసి చిల్లులు మూస్తుంది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. పని లేనప్పుడు మునిగిన ఊళ్ళోంచి తెచ్చిన చెత్తతో ఏవో చేస్తూ ఉంటుంది. గాలికి తలూపే రేకు కొంగలు చేసింది. పోటుకు విచ్చుకుని ఆటుకు ముడుచుకునే ప్లాస్టిక్ తామరపువ్వు చేసింది. ఇది దేనికమ్మా అని ఎవరైనా అడిగితే చూడ్డానికండి అంటుంది. ఊపిరి పెట్టె చేసింది కూడా ఆమే.

ఆమె తండ్రి నాగయ్య నేతగాడు. నీళ్ళొచ్చినప్పుడు మగ్గం వదిలేసి, జకార్డు అట్టలు మాత్రం చంకన పెట్టుకుని పంటు ఎక్కాడు. తాడుతో వరసగా కుట్టిన చిల్లుల అట్టలవి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు, అలా పువ్వు పడుతుంది. పంట్ల మీద నూలు ఎక్కడిది? ఆ మనిషి ఇరవై ఏళ్ళు ఆ చిల్లుల మీద బొటనవేలు జరుపుకుంటూ కూర్చున్నాడు. బాప్తిస్మం తీసుకోలేదు. ఆదివారాలు గుడి పంటు బయట చెక్క మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ పాటలు వినేవాడు.

అతను పోయాక కెజియా గుడి పంటు కింద, ఆటుకు తేలే ఒక మునిగిన డాబా మీద నూనె డ్రమ్ము బోర్లించింది. పోటుకు నీరు లేస్తే డ్రమ్ములో గాలి నొక్కుకుంటుంది. ఆ గాలిని గొట్టాల్లోకి వదిలి, గొట్టాల ముందు తండ్రి అట్టల దండ తిరిగేలా పెట్టింది. పోగు లేవాల్సిన చోట గొట్టం తెరుచుకుంటుంది. ఎవరూ నేయని చీరని మా నాన్నకి వినిపిద్దామనుకున్నానండి అని చెప్పింది. పువ్వు కోసం పొడిచిన ఇలాంటి చిల్లులు చూసే తర్వాతివాళ్ళు లెక్కల యంత్రాలు కట్టారని కూడా ఆమే చెప్పింది. యంత్రాలు ముందొచ్చి బొమ్మలు తర్వాత వచ్చాయని జనం అనుకుంటారు గానీ, చాలాసార్లు బొమ్మలు ఆడించినవాళ్ళూ గంటలు పాడించినవాళ్ళే ముందు నడిచారంది. నాకు సంతోషం వేసింది. ఒకే తండ్రి కొడుకుల్లో ఒకడు సితారా వాయించేవాళ్ళకి, ఇంకొకడు ఇనుము కొట్టేవాళ్ళకి మూలపురుషులని లేఖనంలో ఉందమ్మా, పాటా పనిముట్టూ ఒక ఇంటి బిడ్డలే అన్నాను. అప్పుడు అంత బాగా మాట్లాడాను.

ఆరేళ్ళ కింద ఒక ఆదివారం. గాలి పోయాక, భూకంపం పోయాక, నిప్పు పోయాక వచ్చిన మెల్లని స్వరం గురించి చెప్తూ మధ్యలో మాట మరిచిపోయి ఆగాను. సరిగ్గా అప్పుడు తెర వెనక పెట్టె ఊపిరి తీసింది. జనం కూలబడి మోకరించారు. ఓబదయ్య ఏడ్చాడు. ఇది నాగయ్య కూతురు చేసిన పెట్టె. ఐదు మాటలు. నేను అనలేదు. మరుసటి వారం కెజియాని పిలిచి, నేను ఆగినప్పుడు పలికేలా నా కాలి కిందకి ఒక తాడు పెట్టమన్నాను. పాటకి తాళంలా కాబోలనుకుని పెట్టింది పాపం. పేరు నీకెందుకమ్మా, మహిమ పైవాడిది అన్నాను. తల వంచింది. మహిమ పైదాకా పోలేదు, నా దగ్గరే ఆగింది.

అడగటం ఎలా మొదలైందంటే, ఎవరో పసిబిడ్డకు పేరు అడిగారు. తర్వాత పెళ్ళి తేదీ. తర్వాత ఇద్దరన్నదమ్ముల తగువు. తర్వాత అన్నీ.

ఈరోజు కెజియా నిలబడే మాట్లాడింది. "అయ్యగారూ, మొన్న డ్రమ్ము నిండుగా ఉందండి. తాడు తెగిందేమోనని ఇప్పుడు చూసొచ్చాను. తెగలేదండి."

ప్రభువు చిత్తం అన్నాను. ఆమె నా మొహం చూడలేదు. నా ఎడమ కాలు చూసింది.

కాలు ఎందుకు కదపలేదో రాయాలి. ఎగువన పట్టాలున్న బోధకులున్నారు. మూలభాషలు వచ్చినవాళ్ళు. అక్కడ నేను గ్రీజు డబ్బా మోసే మనిషిని. ఇక్కడ నేను మాట ఆపితే ఆరువందల మంది ఊపిరి బిగబట్టుకుంటారు. అంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని రెండు రోజులుగా వెతుకుతున్నాను. లేదు.

జూన్ 7, గురువారం. పోటు మధ్యాహ్నం 12.50

పదిహేడో గొలుసు 9. మూడో లంకె మీద గీతలాంటిది కనబడుతోంది. తుప్పు కావచ్చు.

మంచినీళ్ళు పట్టే చోట ఒక బోర్డు ఉంది. ఈ పుస్తకంలోని అంకెలు వారానికోసారి దానిమీద రాయాలి. మార్చిలో 12 వచ్చినప్పుడు, జనం కంగారు పడతారని బోర్డు మీద 14 వేశాను. మళ్ళీ చెరపలేదు. ఇప్పటికీ అక్కడ 14 ఉంది.

ఉండిపోతున్నాం కదా అని జనం బకెట్లలో బీరగింజలు నాటారు. దీనమ్మ మామ్మ కూడా రెండు బకెట్లు పెట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి, కాయ తెంపేది ఆగస్టులోనట. పందిరికి తాళ్ళు కావాలని నన్నే అడిగింది. ఇచ్చాను.

ఇంకో సిగ్గుమాలినతనం కూడా రాస్తాను. పోటు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకని ఒక ఆదివారం ఆరాధన వేళకు నీరు నిండుగా ఉంటే, మరుసటి ఆదివారం తీసేసి ఉంటుంది. నీరు తీసినప్పుడు డ్రమ్ములో గాలి ఉండదు, తాడు లాగినా పెట్టె పలకదు. ఒక వారం పలికి ఒక వారం ఊరుకుంటుందేమిటని మొదట్లో అడిగారు. ఒకటి ప్రభువు మాట్లాడే వారం, ఒకటి మనం తలపోసుకునే వారం అని చెప్పి గంటన్నర ప్రసంగం కట్టాను. ఇక్కడి పిల్లలకు నడక కంటే ముందు పోటు వేళలు వస్తాయి. అలాంటి జనంలో ఒక్కరికీ తట్టలేదు. తట్టనివ్వలేదు నేను.

జూన్ 10, ఆదివారం. ఆటు ఉదయం 9.05, పోటు మధ్యాహ్నం 3.20

నీరు తీసిన ఆదివారం. ఓర్పు గురించి చెప్పాను. ముగించబోతుంటే ఆడవాళ్ళ వైపు నుంచి కెజియా లేచింది.

"పెద్దలకు వందనాలండి. ఊపిరి పెట్టె నేను చేశానండి. కింద డ్రమ్ముంది, పైన మా నాన్న అట్టలున్నాయి. అయ్యగారి కాలి కింద తాడుంది. పోయిన వారం అది పలకలేదంటే వద్దని కాదండి. లాగలేదని."

ఓబదయ్య నా వైపు తిరిగి, ఆ పిల్ల చెప్పేది నిజమేనా అని అడిగాడు. అతని గొంతులో అనుమానం లేదు. నేను కాదంటే చాలన్న ఆశ ఉంది. అదే నన్ను చంపింది.

"పెట్టె చేసినవి చేతులే ఓబదయ్యా," అన్నాను. "ఊపిరి ఎక్కడిదో ఆరేళ్ళుగా మోకాళ్ళ మీదున్న మీకు నేను చెప్పాలా?"

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. నిజాలన్నిటినీ ఏరి అబద్ధంగా పేర్చాను. జనం మొక్కడానికి బంగారు దూడని పోతపోసిన యాజకుడు, పట్టుబడ్డప్పుడు, బంగారం నిప్పులో వేశాను ఇది బయటికొచ్చింది అన్నాడు. ఆ వాక్యం మీద ఎన్నిసార్లు ఎగిరెగిరి ప్రసంగించానో. ఎంత చేతకాని సాకో అని జనాన్ని నవ్వించాను కూడా.

ఎవరో తాడు లాగి చూద్దామన్నారు. ఇప్పుడు ఆటండి, గాలుండదు, మూడింటికి రండి చూపిస్తాను అంది కెజియా. ఆ మాటకి నవ్వారు. దేవుడికి కూడా డ్యూటీ టైములున్నాయేంటే అని ఒకావిడ. తండ్రి నీళ్ళలో మునగలేదు, కూతురు ఆత్మకే తాడు కడతానంటోంది అని ఇంకొకావిడ. మూడింటికి నిజంగానే వస్తారేమోనని భయపడి, దేవుడి పెట్టె మందసాన్ని పట్టుకోబోయి పడి చచ్చినవాడి సంగతి ఎత్తాను. తెర జోలికి పోవద్దన్నాను. ఎవరూ రాలేదు.

అక్కడికక్కడే తీర్మానం అయింది. కెజియా పంటు విప్పేయాలి.

గురువుని ఎరగనని బొంకి, కోడి కూస్తే ఏడ్చిన శిష్యుడు అదృష్టవంతుడు. మా పంట్ల మీద కోళ్ళు లేవు.

జూన్ 11, సోమవారం. పోటు సాయంత్రం 4.10

వేరే ఊళ్ళలో వెలి అంటే ఏమిటో నాకు తెలీదు. మా దగ్గర అది నాలుగు బోల్టులు. అవి విప్పితే పంటు వరసలోంచి జారి నలభై బారల దూరం పోతుంది. మునిగిన టవరు కొసకి ఒక్క మోకుతో కట్టి ఉంచుతారు. వారానికి రెండు డబ్బాల నీళ్ళు ఇస్తారు, మాట్లాడరు. విప్పాల్సింది లంగరు కాపరే.

మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది రాలేదు. నా స్పానరు అరిగింది, జారిపోతోంది. అవతలి పంటు మీద నిలబడి చూస్తున్న కెజియా లోపలికి వెళ్ళి తన స్పానరు తెచ్చి ఇచ్చింది. నేను బిగబట్టి తిప్పుతుంటే చెప్పింది.

"అది ఎడమ మరండి అయ్యగారూ. అటు తిప్పితే ఇంకా బిగుస్తుంది."

ఇటు తిప్పాను. వచ్చేసింది. స్పానరు తిరిగి ఇవ్వడానికి చెయ్యి చాచేసరికి మధ్యలో నీళ్ళున్నాయి.

ఇంట్లో మా ఆవిడ రాహేలు కంచం పెట్టి, ఎదురుగా కూర్చోకుండా వెళ్ళిపోయింది.

జూన్ 13, బుధవారం. పోటు ఉదయం 5.25, సాయంత్రం 5.50

పదిహేడో గొలుసు, మూడో లంకె. గీత తుప్పు కాదు, పగులు. గోరు దిగుతోంది.

నాకొక దారి తోచింది. వచ్చే ఆదివారం పొద్దున నీరు నిండుగా ఉంటుంది. ఓబదయ్య చేత ప్రశ్న మళ్ళీ చదివిస్తాను, తాడు లాగుతాను, అందరం 25లోగా లాకు దాటేస్తాం. మనసు మార్చుకోవడం దేవుడికి కొత్త కాదు. చస్తావని కబురందిన రాజు గోడవైపు తిరిగి ఏడిస్తే పదిహేనేళ్ళు కలిపి ఇచ్చాడు. ఆ భాగం మీద ప్రసంగం రాసేశాను కూడా. మంచి ప్రసంగం. ఎవరికీ దెబ్బ తగలదు.

నీళ్ళ డబ్బాలు దోనెలో వేసుకుని కెజియా పంటుకు వెళ్ళాను. మాట్లాడకూడదన్న కట్టు నేనే తప్పాను. ఆమె స్పానరు ఇచ్చి, నా ఉపాయం చెప్పాను. పైకి వెళ్ళాక నిన్ను మళ్ళీ కలిపేస్తారమ్మా, నేను చూసుకుంటాను అని, ఏదో వరమిస్తున్నట్టు.

ఆమె అడిగింది మొదట గొలుసు సంగతి. పదిహేడోది నిజంగా ఎంతుందండీ అంది. తొమ్మిది, పగిలింది అన్నాను. బోర్డు మీద పద్నాలుగుంది కదండీ అంది. డబ్బా మూత తిప్పుతూ మళ్ళీ మాట్లాడింది.

"ఆదివారం దాకా ఆగిందనుకుందామండి. లాకు దాటాక కూడా పెట్టెను అడుగుతారు. రేపు ఎవరి బిడ్డకో జ్వరమొస్తే మందు పొయ్యాలా వద్దా అని అడుగుతారు. అప్పుడు మీ కాలు ఎక్కడుంటదండీ?"

నేను లేచాను. దోనె ఎక్కబోతుంటే వెనక నుంచి అంది. "మీ ప్రసంగాలంటే నాకిష్టమండి. పెట్టె రాకముందువి. అప్పుడు మీకు భయముండేది."

లేఖనంలో దేవుడి గుడారం పని చేసినవాడి గురించి ఈ సాయంత్రం మళ్ళీ చదివాను. బంగారంలో, వెండిలో, రాతిలో, కర్రలో విచిత్రమైన పనులు కల్పించడానికి దేవుడు అతన్ని తన ఆత్మతో నింపాడట. ప్రవక్తని కాదు, రాజుని కాదు, పనివాణ్ణి. ఆ పేజీ ఎన్నిసార్లు ఆరబెట్టానో. ఆత్మ ఆ పెట్టెలో ఉందని జనానికి నమ్మబలికాను. ఉంటే గింటే చేసినదాని చేతుల్లో ఉండేది. ఆ చేతుల్నే నాలుగు బోల్టులు విప్పి తోసేశాను.

ప్రసంగం చింపేశాను.

జూన్ 14, గురువారం. ఆటు మధ్యాహ్నం 12.25, పోటు సాయంత్రం 6.40

పదకొండింటికి గంట కొట్టాను. వేళ కాని వేళ గంటంటే ప్రమాదమని అందరూ పరుగెత్తుకొచ్చారు. ప్రమాదమే అన్నాను.

తెర లాగేశాను. తాడు చూపించాను. పోయిన పోటు ఆదివారం పెట్టె నిండుగా ఉన్నా కాలు కదపలేదని, ఎగువన నన్నెవరూ లెక్కచేయరని భయపడ్డానని చెప్పాను. కెజియా చెప్పినదంతా నిజమన్నాను. వెనకవాళ్ళు వినపడలేదంటే మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

నమ్మలేదు. అయ్యగారికి వడదెబ్బ తగిలిందన్నారు. విప్పేసిన పిల్ల మీద జాలిపడి నింద నెత్తినేసుకుంటున్నాడన్నారు. ఓబదయ్య వచ్చి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. తాడు లాగాను. పెట్టె పలకలేదు. ఆటు. నేనే నేర్పిన మౌనం.

నీరు లేచేదాకా కూర్చోండి అన్నాను. వెళ్ళేవాళ్ళు వెళ్ళారు, చాలామంది కూర్చున్నారు. ఎండ తల మీద ఉంది. పెట్టె మూత తీసి నేను పక్కన నిలబడ్డాను, దుకాణం తెరుచుకుని బేరం లేనివాడిలా.

ఒంటిగంటకి కాబోలు దీనమ్మ మామ్మ లేచి వచ్చింది. ఆమెకి చూపు సరిగా ఆనదు. చిన్నప్పుడు మగ్గాల ఇంట్లో అట్టలు కుట్టిందని నాకు తెలీదు. దండ మీద బొటనవేలు పెట్టి ఒక్కో అట్టా జరుపుకుంటూ పోయింది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనేమో అనుకున్నారు. లెక్కపెడుతోంది. సగం దాకా వచ్చి ఆగి, పకపకా నవ్వింది.

"ఒరే ఓబదయ్యా. నువ్వు ఆరేళ్ళుగా మోకరించి ఏడ్చింది రుద్రాక్ష అంచుకిరా. మా పెళ్ళిచీర అంచు."

మళ్ళీ వేలు జరిపింది. ఒకచోట వెనక్కి వచ్చింది, ముందుకి పోయింది, నొసలు ముడిచింది. ఆ తర్వాత ఆ ముసలావిడ చేసిన పని మా కట్టుబాట్లలో లేదు. పంటు అంచుకు నడిచి, నలభై బారల అవతలున్న కెజియాకి వినబడేలా కేకేసింది. "ఏమే కెజియా, పద్నాలుగో అట్ట తిరగేసి కుట్టావే. పువ్వు తల్లకిందులైపోయింది."

నీళ్ళ మీద నుంచి జవాబు వచ్చింది. "నేను కాదు మామ్మా. నాన్నే అలా కుట్టాడు, చేతులు వణికేవి కదా. మార్చబుద్ధి కాలేదు."

అందరికీ ఒకేసారి అర్థమైందనుకుంటాను. పెట్టె ఊపిరిలో ఒకచోట వెక్కిలాంటిది వస్తుంది. ఏ ఆదివారమైనా జనం భోరుమనేది అక్కడే. ఆత్మ మూలుగుతోందని నేను చెప్పిన చోటు అది. ఒక ముసలి నేతగాడు, మా గుడి లోపలికి ఎన్నడూ రానివాడు, వణికే చేతుల్తో తిరగేసి కుట్టిన అట్ట.

నాలుగున్నరకి తాడు లాగాను. నీరు అప్పటికి సగమే లేచింది, ఊపిరి సన్నగా వచ్చింది. వెక్కి వచ్చింది. ఈసారి ఎవరూ మోకరించలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు కూడా.

ఓబదయ్య తల ఎత్తకుండా అడిగాడు. "ఇంకేమైనా ఉందాండి?"

బోర్డు మీద పద్నాలుగు తప్పు, తొమ్మిది, పగిలింది అన్నాను.

అప్పుడు లేచింది గగ్గోలు. పెట్టెకు ఊరుకున్నవాళ్ళు గొలుసుకు ఊరుకోలేదు. మొన్న డ్యూటీ టైములని నవ్వినావిడే నా మీదికి వచ్చింది. దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు, గొలుసు సంగతి నిన్ను చూడమన్నాం కదా అంది. నన్ను ఆరేళ్ళలో ఎవరూ ఏకవచనంలో పిలవలేదు. హాయిగా లేదు. ఉండకూడదు.

చేతులెత్తి తేల్చారు. వెళ్తున్నాం. బకెట్లలో బీరమొలకలు రెండాకులు వేశాయి, వాటినీ ఎక్కించుకుంటారట.

ఇంకో రెండు తీర్మానాలు. ఆదివారాలు నేను వాక్యం చెప్పకూడదు. సీలయ్య కొలిచింది ఇంకొకరు మళ్ళీ కొలవాలి.

కెజియా పంటును కలపడానికి నన్నే పంపారు. నాలుగో బోల్టు ఎడమ మర. గుర్తుంది. ఆమె క్షమించానని అనలేదు, నేను అడగలేదు. బిగించాక తను ఒకసారి తిప్పి చూసుకుంది.

జూన్ 23, శనివారం. లాకు లోపల

పదిహేడో గొలుసు వదిలేశాం. సినిమా హాలు దగ్గరే ఉంది. విప్పుతుంటే మూడో లంకె నా చేతిలోనే రెండయింది.

పోటు సాయంతో గడలు వేసుకుంటూ ఎగువకు వచ్చాం, పోయిన ఆదివారం దారిలోనే ఆరాధన. వాక్యం దీనమ్మ మామ్మ చెప్పింది, జ్ఞాపకం ఉన్నంతవరకు. నేను గుడి పంటు బయట, నాగయ్య కూర్చునే చెక్క మీద కూర్చున్నాను. అక్కడికి లోపలి పాట అంతా వినపడుతుంది. అతను అంత శ్రద్ధగా ఏమి వినేవాడో ఇన్నాళ్ళూ అడగాలని తోచలేదు.

లాకులోకి ఈరోజు పొద్దున చేరాం. వెనక తలుపులు మూసుకున్నాయి. లాకు గుమాస్తా రిజిస్టరు పట్టుకుని పంటు పంటూ ఎక్కి సామాను రాసుకున్నాడు. గుడి పంటు మీద తెర లేదిప్పుడు. పెట్టెను చూసి ఆగాడు. ఇదేం యంత్రం, పంపా, జనరేటరా, ఏ పద్దు కింద రాయను అని అడిగాడు.

పాత అలవాటున అందరూ నా వైపు చూశారు. కెజియా కూడా చూసింది. ఆమె ఎందుకు చూసిందో నాకు తెలుసు.

"చీరండి," అన్నాను.

గుమాస్తా తల ఎత్తాడు.

"రుద్రాక్ష అంచు చీర. అట్టలు చింతా నాగయ్యవి. పెట్టె చేసింది చింతా కెజియా, అదుగో ఆవిడ."

అతను కెజియాని చూశాడు. ఆమె తలూపింది. రాసుకున్నాడు, రెండు పేర్లూ. మరి తమరెవరు అన్నాడు. గొలుసులకి గ్రీజు పూస్తానండి అన్నాను. అది కూడా రాసుకున్నాడు.

తర్వాత లాకులోకి నీళ్ళు వదిలారు. పంట్లన్నీ కలిసి గోడల మధ్య పైకి లేవసాగాయి. పెట్టె తాడును కెజియా పోయిన వారమే తీసేసింది, లాకులో ఆగగానే డ్రమ్ముకు బరువు కట్టి ఇనుప కాళ్ళ మీద అడుగు నేలకి దించింది. నీరు ఎప్పుడు లేస్తే అప్పుడు పలుకుతుంది, ఎవరినీ అడగదు. ఇక్కడ పోటు లేదు కదా అని నేను ఏమరుపాటుగా ఉన్నాను. కానీ లాకు అంటే మనుషులు చేసుకున్న పోటే.

పట్టపగలు, అందరూ పనుల్లో ఉండగా, అది మొదలుపెట్టింది. మొదటి అట్ట నుంచి చివరి దాకా, మధ్యలో కోసేవాడు లేకుండా మొత్తం విన్నది నేను ఈరోజే. దీనమ్మ మామ్మ బొటనవేలు ఆడిస్తోంది. పద్నాలుగో అట్ట దగ్గర ఓబదయ్య కళ్ళు తుడుచుకున్నాడు, చీరకే అని తెలిసి కూడా.

ఈ పుస్తకంలో అబద్ధం రాయను కనుక ఇది కూడా రాస్తున్నాను. ఆ ఊపిరి రావడానికి ఒక్క క్షణం ముందు, ఏ తాడూ లేని చోట, నా ఎడమ కాలు తనంతట తనే కదిలింది.